ముప్పై ఏడో చుట్టు

ఉరవకొండ బస్టాండు వెనక
మా ఇంటి ముందరి గదే నా అంగడి.
షట్టరెత్తితే అంగడి, దించితే ఇల్లు.
ఎండాకాలంలో దించేది ఎప్పుడని
మాబున్ని అడగడం మానేసి మూడేండ్లయింది.

బోర్లలో కాలిపోయిన మోటర్లు
ట్రాక్టర్లలో వస్తాయి, ఆటోల్లో వస్తాయి.
ఒకసారి పెండ్లి కారులో వచ్చింది ఒకటి,
సీటు మీద దుప్పటి పరిచి
పసిబిడ్డను పండబెట్టినట్టు.
"చీనీచెట్లు వాడిపోతాండాయి కుళ్ళాయన్నా,
ఈ రాత్రికి ఎట్లన్నా చెయ్యి" అంటారు.
లేదనే మాట నాకు రాదు.
వచ్చుంటే ఈపాటికి
నా బిడ్డ ఇస్కూల్లో డాన్సు ఒక్కసారైనా చూసుండేవాణ్ణి.
కాలిన రాగి తూకానికేసి
ఆ ఇస్కూలు ఫీజు కట్టింది మాత్రం నేనే.

చుట్టడమంటే లెక్క.
గాడికి ఇన్ని చుట్లని ఉంటాది.
ఒకటి తగ్గినా, ఒకటి ఎక్కువైనా
నా ముందర నోరు మెదపదు మోటరు,
నీళ్ళలోకి దిగినాక చెబుతుంది.
తీగ పొడుగు.
అంగడి చాలక గడప దాటి, నడవ దాటి
వంటింటి దాకా పాకుతుంది.
సంగటి కుండ పట్టుకొని మాబున్ని
కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి
దాన్ని దాటుతాది, రోజుకు ఎన్నిమార్లో.
అది నేనెప్పుడూ లెక్కబెట్టలేదు.

లెక్కలో ఉన్నప్పుడు మాట్లాడకూడదు.
ఎవరు పలకరించినా చెయ్యెత్తుతా, ఆగమని.
గ్యాసయిపోయింది. చెయ్యి.
చీటీపాట ఈరోజే. చెయ్యి.
"నాయనా, నాకు పన్ను ఊడింది."
చెయ్యి.
అరచేతిలో పన్ను పట్టుకొని
నేను యాభై రెండు అనేదాకా నిలబడిందంట తస్లీమ్.
తిరిగి చూస్తే లేదు.
పన్ను స్పానర్ల డబ్బా మీద ఉంది.

మొన్నొక రాత్రి ఆ బిడ్డ ఎక్కాలు రాసుకుంటాంటే
"తిన్నావామ్మా" అన్నా.
తలెత్తలేదు. చెయ్యెత్తింది.
అచ్చం నా చెయ్యే.
వేళ్ళకు గ్రీజు నలుపు లేదు, అంతే.

మాబున్ని బాకీల పుస్తకం ముందరేసుకొని
"బెళుగుప్ప ఎర్రిస్వామి, చెనిక్కాయలు అమ్మినాక.
కూడేరు తిప్పన్న, నాలుగు వేలు, కొడుకు పేరు చెప్పి పోయినాడు"
అని చదువుతా చదువుతా
అదే గొంతుతో
"ఇంటికి నువ్వు బాకీ ఉండేది యాడ రాయల్ల?" అనింది.
నవ్వుతాందో లేదో
ఆ లోవోల్టేజీ వెలుతుర్లో తెలీలేదు.
పక్క పేజీ ఖాళీగా ఉంది. చూపించింది.

మారిపోయినానని చెప్పను.
తెల్లారేసరికి విడపనకల్లు నుంచి మూడు మోటర్లు.
షట్టరెత్తినా.
ముప్పై ఏడో చుట్టులో ఉండగా
తస్లీమ్ వచ్చి గడప మీద కూచుంది.
నా చెయ్యి దానంతటదే లేచింది.
అదేమీ అడగలేదు.
నా పెదాల వంక చూసి
గోడ మీద చాక్‌పీసుతో రాసింది, ముప్పై ఏడు.
"లెక్క నేను పట్టుకుంటా నాయనా. నువ్వు మాట్లాడు."
"ఏం మాట్లాడల్ల?"
"ఏమన్నా."

తీగ చేతిలోనే ఉంది.
బయట ట్రాక్టరు ఆపకుండా హారను కొడుతోంది.
నడవలో మాబున్ని
ఒక కాలు తీగకు ఇవతల, ఒక కాలు అవతల పెట్టి
కుండతో అట్లే ఆగిపోయింది.
ఊరందరి మోటర్లకు జబ్బేందో చెప్పేవాణ్ణి,
మాట దొరకలేదు.
చివరికి
"నీ పన్ను గల్లాపెట్టెలో ఉండాది, పారెయ్యలేదు" అన్నా.

"ఏ పన్ను?
అది పోయినేడు గదా!" అని నవ్వింది.
అప్పుడు చూసినా
ముందర వరసలో, కొంచెం వంకరగా,
కొత్తది.
ఎప్పుడు మొలిచిందో.